దీపస్తంభమూ, తలుపు తట్టిన చెయ్యీ



2024 అక్టోబరులో, వానలు కాస్త తెరిపిచ్చిన ఒక శనివారం, మేము పిల్లలను వెంటబెట్టుకుని మంగినపూడి సముద్రపు ఒడ్డుకు వెళ్లాము. మా సంఘములో డెబ్బై దాటిన మామ్మ ఒకావిడ, "నేనూ వస్తానయ్యగారూ, సముద్రాన్ని చూసి చాలా ఏళ్లయింది" అంటే ఆవిడనూ తీసుకువెళ్లాము. గుడ్లవల్లేరులో ఉదయపు రైలెక్కితే కవుతరం, పెడన దాటేవరకు కిటికీకి అటూ ఇటూ పొట్టమీదున్న వరిచేలే. బందరులో దిగి ఆటో మాట్లాడుకున్నాము.

నిజం చెప్పాలంటే మాకు వేరే పని కూడా ఉంది. మరునాటి ఆదివారానికి లైట్‌హౌస్ మీద ప్రసంగం సిద్ధం చేసుకున్నాము. తుపానులో క్రీస్తే మన దీపస్తంభమని మూడు తలంపులు కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాము.

చెప్పులు చేతబట్టుకుని, తడి ఇసుకలో లైట్‌హౌస్ వైపు నడుస్తూ పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాము. ఈ తీరమంతా చదును. గుర్తు పట్టడానికి ఓడవాళ్లకు ఒక్క కొండైనా కనబడదు. అందుకే ఇంత ఎత్తు స్తంభం. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1820ల్లో తయారుచేసిన గాజు కటకాల వలన చిన్న దీపపు వెలుగు కూడా చెదరకుండా మైళ్ల దూరం పోతుంది. ప్రతి లైట్‌హౌస్‌కు దాని మెరుపు వరస దానికుంటుంది. ఆ వరసను లెక్కపెట్టి, తానెక్కడున్నాడో నావికుడు తెలుసుకుంటాడు.

మామ్మ అంతా విని, స్తంభం నీడలో కూర్చుని అడిగింది: "అయితే ఈ దీపం ఓడలకు చెబుతుందన్నమాట. మరి ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్లకు ఎవరు చెబుతారయ్యా?"

మేము జవాబు చెప్పలేకపోయాము.

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. సొర్లగొంది వంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మామ్మ అప్పుడు నాగాయలంక వైపు ఉండేది. తాడిచెట్టును వాటేసుకుని ఆవిడ బతికింది. చంకలో ఒకరు, వీపున ఒకరు ఉన్న పిల్లలిద్దరూ జారిపోయారు. "రేడియోలో చెప్పారంట. మా గుడిసెలో రేడియో ఎక్కడిదయ్యా? ఒక్కరొచ్చి తలుపు తట్టుంటే పిల్లల్నెత్తుకుని ఎటన్నా పోయేదాన్ని" అంది. ఆవిడ ఏడవలేదు. మా సతీమణి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అంతకుముందు 1864 నవంబరు 1 రాత్రి ఇదే బందరులో ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది చనిపోయారు. 1990 మే నెలలో మళ్లీ కృష్ణ ముఖద్వారాన పెను తుపాను వచ్చింది. ఆసారి మృతులు వెయ్యిలోపే. గాలి తక్కువై కాదు. ముందే ఊరూరా తిరిగి, జనాన్ని లేపి, తుపాను షెల్టర్లకు చేర్చారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు, "కాలవ గట్టువాళ్లు గుడిలోకి రండి" అని మైకులో మూడుసార్లు చెప్పి, మా బాధ్యత తీరిందనుకున్నాము. వాన హోరులో ఆ మాట మామ్మకు వినబడలేదు. రైసుమిల్లులో పనిచేసే కుర్రవాడొకడు తడుస్తూ వెళ్లి, తలుపు తట్టి, ఆవిడను ఎత్తుకుని తెచ్చాడు. అతడు మన సంఘస్థుడు కాడు. తెల్లవారేసరికి ఆవిడ ఇంటి గోడ కూలి ఉంది. ఈ సంగతి మామ్మ ఎన్నడూ ఎత్తిచూపలేదు. ఆ రోజు లైట్‌హౌస్ క్రింద కూడా ఎత్తలేదు. మాకే గుర్తుకు వచ్చింది.

తిరుగు రైలులో జేబులోని కాగితం తీసి చూసుకున్నాము. మూడు తలంపులూ దూరాన నిలబడి వెలిగే దీపాన్ని గూర్చే. మన ప్రభువు పరలోకమునుండి వెలుగు చూపి ఊరుకోలేదు గదా! మన మధ్యకే నడిచి వచ్చాడు.

ఆదివారం ప్రసంగం క్లుప్తంగా ముగించి, యౌవనస్థులను, స్త్రీల సమాజమువారిని కూర్చోబెట్టి ఒక నోటుపుస్తకం తెరిచాము. ఒంటరి ముసలివారు, చూలింతలు, ఫోను లేనివారు, ఏ సంఘమువారైనా సరే, ఏ ఇంట ఎవరున్నారో రాశాము. రెండేసి ఇళ్లు ఒక్కొక్కరి పేర వేశాము. కాలవ గట్టు చివరి రెండిళ్లు మా పేర రాసుకున్నాము.

చదువరులారా, ఇది తుపానుల కాలం. రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, ఫోనులు మోగుతాయి. అవన్నీ మంచివే. అయితే మీ వీధి చివరి ఇంటి తలుపు తట్టేది ఎవరో ఈ వారమే అనుకుని ఉంచండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక.