పగలు మోదుగ... రాత్రి ఇప్ప!

ఫాల్గుణంలో మంచిర్యాల జిల్లా జన్నారం దాటి కవ్వాల్ అడవి దారి పట్టండి. ఆకు రాల్చిన మోదుగ చెట్లు నిప్పంటుకున్నట్టు కనిపిస్తాయి. దగ్గరికెళ్లి వాసన చూస్తే... ఏమీ ఉండదు! పక్షులను పిలవడానికి పరిమళం అక్కర్లేదు, రంగు చాలు. చిలుక ముక్కులాంటి పువ్వులో తేనె కోసం తలదూర్చిన పిట్ట, ముఖానికి పుప్పొడి పూసుకుని మరో చెట్టుకు ఎగురుతుంది.

ఇప్పచెట్టు దారి వేరు. చీకట్లో రంగెవరికి కావాలి? అందుకే పాలిపోయిన పూలు, ఘాటైన వాసన, తీపి నిండిన మందపాటి రేకలు. విందుకొచ్చేవి గబ్బిలాలు. రేకలు తిని, పుప్పొడి మోసుకెళ్తాయి. తెల్లారేసరికి రాలిన పూలను గోండు మహిళలు బుట్టల్లోకి ఏరుకుంటారు.

అపశకునమంటూ గబ్బిలాలను తరిమేస్తే ఇప్పకాయలు తగ్గుతాయి, కొత్త మొక్కలూ రావు. రేపు ఆ బుట్టలు నిండేదెలా?