సుగ్గి డబ్బు ఇల్లు చేరేలోగా...

కర్నూలు నుంచి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు బస్సెక్కితే దారిలో తగులుతుంది గోనెగండ్ల. దగ్గర్లోనే హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు. దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న ఆ జలాశయం నిండిన ఏడు చూడాలి, రెండు కళ్లూ చాలవు. ఒకపక్క ఆదోని పత్తి మార్కెట్టు, మరోపక్క ఎమ్మిగనూరు మగ్గాలు. ఇన్ని ఉన్నా ఈ పడమటి పల్లెలకు కరవే చుట్టం.

దసరా దాటిందంటే ఇక్కడ వినిపించే మాట ఒక్కటే... సుగ్గి! ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని బడి మాన్పించి మరీ గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోతాయి. ఉగాదికి అటూ ఇటూగా తిరిగొస్తాయి. మిరప ఘాటుకు మండిన చేతులతో ఆడవాళ్లు కూడబెట్టిన ఆ డబ్బు మీద అప్పులవాడికీ, కిరాణా కొట్టుకూ ముందే లెక్క ఉంటుంది. వాళ్లకంటే ముందు చేయి చాపేది మాత్రం మందు దుకాణం.

చిన్న లెక్క వేద్దాం. 99 రూపాయల క్వార్టరు రోజుకొకటి చొప్పున తాగినా ఏడాదికి 36 వేలు దాటుతుంది. కూలీ ఇంట్లో అది ఒక సుగ్గి కష్టం. పోయేది డబ్బొక్కటేనా? కాలేయం చెడుతుంది, పనికి వెళ్లే ఓపిక పోతుంది, రాత్రయితే ఇంట్లో కొట్లాట. అమ్మతో పాటు పిల్లలూ పస్తే.

ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్నారు. 2019లో సర్కారు దుకాణాలొచ్చాయి, 2020లో రేట్లు పెరిగాయి. కర్ణాటక కూతవేటు దూరమాయె! అక్కడి చౌక ప్యాకెట్లు సరిహద్దు దాటాయి. బెల్లం ఊటతో నాటుసారా బట్టీలూ వెలిగాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి. దుకాణం మీద బోర్డు మారింది, తాగేవాడి తీరు మారలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడితే ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. చట్టం వచ్చినా పోయినా, ఇంట్లో తాగేవాడికి వైద్యం చేయించాల్సిన పని మిగిలే ఉంది.

ఎందుకంటే ఇది జబ్బు. ఏళ్ల తరబడి తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఒట్లు, తాయెత్తులు చాలవు. డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మానాలి. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14446కు ఫోన్ చేస్తే సలహా ఉచితం.

తిరుగు బస్సెక్కేసరికి పొద్దు వాలింది. గుంటూరుకు పోయేకి బస్సుచార్జీ పుడుతుంది గానీ, కర్నూలు ఆసుపత్రికి పోయేకి పుట్టదా? ఈసారి సుగ్గి డబ్బులో ముందు ఆ చార్జీ తీసి పక్కన పెడితే, మిగిలిందైనా ఇల్లు చేరుతుంది.