షరమ్ వెనక దాక్కున్న షుగర్

నలభై దాటిన మగవాళ్లం షుగర్ గురించి మాట్లాడుకుంటాం. బీపీ, మోకాళ్ల నొప్పి సంగతులు మసీదు మెట్ల మీద కూర్చొని చెప్పుకుంటాం. బీవీతో కలవాలన్న కోరిక తగ్గిందన్న మాట మాత్రం సగే భాయ్‌కి కూడా చెప్పం. షరమ్. ఆ షరమ్‌నే తిని బతుకుతున్నాయి బస్టాపుల వెనకా, కరెంటు స్తంభాల మీదా అంటించే కాగితాలు: 'మర్దానా కమ్‌జోరీకి గ్యారంటీ ఇలాజ్'. కింద ఒక ఫోన్ నంబరు.

మా ఖాలా కొడుక్కి నలభై ఎనిమిదేళ్లు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి కొంచెం అవతల, అశోక్‌నగర్ గల్లీలో జిరాక్స్ దుకాణం. గ్రూప్స్‌కి చదివే పిల్లలే ఆయన గిరాకీ. వాళ్లు అర్ధరాత్రి దాకా చదువుతారు, ఈయన అర్ధరాత్రి దాకా షట్టర్ దించడు. ఇంటికొచ్చి ఒంటిగంటకు ఖానా, తర్వాత గురక. ఏడాదిగా మనిషి మారిపోయాడు. చిన్నదానికీ గుస్సా. పడక ముందు గదిలోకి మారింది. భాబీ మా ఇంటావిడ దగ్గర ఏడ్చింది: "ఇంకో నిఖా ఖయాల్ ఏమన్నా ఉందేమో, మీ ఆయన్ను కనుక్కోమను."

కనుక్కున్నాను. "నిఖా ఎక్కడిది ఛోటే, నాలో దమ్ అయిపోయింది" అన్నాడు. అప్పటికే గోడ మీది నంబరుకు ఫోన్ చేసి, పదకొండు వేలు పోసి పేరు లేని మాజూన్ తింటున్నాడు. దాంతో పాటు ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ పరీక్ష కూడా చేయించుకున్నాడు. 262 వచ్చింది. మామూలుగా డెసిలీటరుకు 300 నానోగ్రాములకు తగ్గితే తక్కువ అంటారు. ఇక ఇంజెక్షన్లే ఇలాజ్ అని ఫైసలా చేసుకున్నాడు.

నారాయణగూడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆమె అడిగిన మొదటి సవాల్: "రక్తం ఎన్ని గంటలకు ఇచ్చారు?" సాయంత్రం ఆరింటికి, సమోసా తిన్నాక. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి దిగుతుంది. తిన్నాక కూడా తగ్గుతుంది. అందుకే పొద్దున్నే, ఖాళీ కడుపుతో ఇవ్వాలి. తక్కువొస్తే మరో రోజు మళ్లీ చూడాలి. భాయ్ ఫజర్ నమాజ్ చదివి నేరుగా వెళ్లి ఇచ్చాడు. 371 వచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి చూపించింది. మూడు నెలల సగటు షుగర్ 9.4. మనిషికి ఖబరే లేదు.

టెస్టోస్టెరాన్ వృషణాల్లో తయారవుతుంది. హుకుం ఇచ్చేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. కోరిక, కండ, ఎముక బలం, రక్తం తయారీ, వీటన్నిటిలో దాని హిస్సా ఉంది. ఆడవాళ్లకు నెలసరి ఆగినట్టు మగవాళ్లకు ఇది ఒక్కసారిగా ఆగదు. ముప్పై, నలభై దాటాక ఏడాదికి నూటికి ఒక వంతు చొప్పున మెల్లగా దిగుతుంది. 40 నుంచి 79 ఏళ్ల యూరప్ మగవాళ్ల మీద చేసిన పెద్ద పరిశోధన 2010లో వచ్చింది. లక్షణాలూ, తగ్గిన హార్మోనూ రెండూ కలిసి కనిపించింది నూటికి ఇద్దరిలోనే. నలభైల్లో ఉన్నవాళ్లలో అయితే ఇంకా అరుదు.

మరి కమ్‌జోరీ ఎక్కడిది? డాక్టరమ్మ చెప్పింది నాకు బాగా గుర్తుంది. మగ అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె నాళాలు మూడు నాలుగు. షుగర్, సిగరెట్, కొవ్వు ముందుగా సన్న నాళాలనే పాడు చేస్తాయి. అంటే పడకగదిలో కనిపించిన కమ్‌జోరీ, కొందరిలో గుండెపోటుకు కొన్నేళ్ల ముందే వచ్చిన హెచ్చరిక. షరమ్‌తో దాన్ని దాచేస్తే దాచింది ఇజ్జత్ కాదు, జాన్‌కున్న ఖత్రా. పెద్ద పొట్ట, గురకలో శ్వాస ఆగి ఆగి రావడం, నిద్ర లేకపోవడం హార్మోన్‌ను కూడా దించుతాయి.

నిజంగా తక్కువ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్, జెల్ మంచి ఇలాజే. కానీ బయటి నుంచి హార్మోన్ వస్తే పిట్యూటరీ తన హుకుం ఆపేస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఔలాద్ కావాలనుకునే కుర్రాళ్లు జిమ్‌లో ఎవరో ఇచ్చారని పొడిపించుకోవద్దు. రక్తం చిక్కబడుతుంది కాబట్టి పరీక్షలు చేయిస్తూ ఉండాలి, ప్రోస్టేట్ కూడా చూపించుకోవాలి.

గోడ మీది గ్యారంటీల సంగతీ వినండి. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టాన్ని హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 1959లో కోర్టు కొన్ని భాగాలు కొట్టేసింది, అసలు నిషేధాన్ని మాత్రం నిలిపింది. నేను యునానీని తప్పు పట్టడం లేదు. చార్మినార్ దగ్గరి నిజామియా సర్కారీ దవాఖానాలో చదువుకున్న హకీమ్ సాబ్‌లు నాడి పట్టి చూస్తారు. ఫోన్ నంబరు నాడి పట్టదు.

హయా ఈమాన్‌లో భాగమే, ఒప్పుకుంటాను. కానీ ఉమ్మె సులైమ్ (రజి) అందరూ సిగ్గుపడే గుస్ల్ మసలాను ప్రవక్త (స) ముందుకు తెచ్చి అడిగారు. ఆయన కోప్పడలేదు, సాఫ్‌గా జవాబిచ్చారు. తెలుసుకోవడానికి అడిగితే హయాకు లోటు రాదు.

భాయ్ పూర్తిగా బాగయ్యాడని చెప్పను. షుగర్ మందు వేసుకుంటున్నాడు, సగటు 7.1కి దిగింది. షట్టర్ పదింటికి దించి, పొద్దున ఇందిరా పార్కులో నడుస్తున్నాడు. అసలు ఇలాజ్ మాత్రం క్లినిక్ బయట బెంచీ మీద జరిగింది. డాక్టరమ్మ చెప్పిందంతా ఆయన భాబీకి ఫోన్‌లో చెప్పాడు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇదా సంగతి? ఏడాది నుంచి నాలోనే ఏదో ఐబ్ ఉందనుకున్నా" అంది.

బెహనోం, మీ ఇంటాయన గుస్సా పెరిగి పడక మార్చుకుంటే ఇంకో ఔరత్‌ని వెతక్కండి. ముందు షుగర్ చూపించండి. భాయియోం, ఆ పరీక్ష మీరే అడిగి చేయించుకోండి, ఫజర్ అయ్యాక, ఖాళీ కడుపుతో.