పళ్ళు పీకిస్తామన్న మాట



దివిసీమలోని మా పల్లెలో మేమిద్దరము చాలా ఏళ్ళుగా సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాము. కంఠతవాక్యము తప్పు లేకుండా చెప్పిన బిడ్డకు చాక్లెట్టు ఇవ్వడం మా అలవాటు. ఇంట్లో అల్లరి చేసే బిడ్డకు మాత్రం ఇంకో మాట ఉండేది: "ఉండు, బందరు తీసుకెళ్ళి డాక్టరుగారి చేత పళ్ళు పీకిస్తాం!" ఈ మాట మీ ఇంట కూడా వినబడే ఉంటుంది.

మా పెద్దమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కొన్ని వారాలుగా ఒక పక్కనే నములుతూ ఉండేది. అడిగితే "ఏం లేదమ్మా" అనేది. సెలవులకు గుడివాడలో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు ఒక రాత్రి దవడ వాచి, జ్వరము వచ్చింది. అమ్మమ్మ లవంగనూనెలో దూది ముంచి పెట్టి, "పాలపన్నేలే, అదే ఊడిపోతుంది" అన్నారు. మేమూ అలాగే అనుకున్నాము.

మరునాడు బందరులో డాక్టరుగారు చూసి, అది పాలపన్ను కాదన్నారు. పాలపళ్ళు మొత్తం 20. వాటన్నిటికీ వెనుక, ఆరేళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు గనుక కొత్త పన్ను వచ్చిన సంగతే మనకు తెలియదు. అది జీవితాంతము ఉండవలసిన పన్ను. పోతే దాని చోట మరొకటి రాదు. మా బిడ్డది వేరుదాకా పుచ్చిపోయింది. తీసివేయక తప్పలేదు.

తిరుగు బస్సులో చల్లపల్లి దాటాక అడిగాము: ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు? బిడ్డ దూది కరచిపట్టుకునే, "మీరు పీకిస్తామన్నారుగా" అంది. మాకు జవాబు దొరకలేదు.

ఆ మాట మా ఇంట అంతటితో ఆగిపోయింది. సండేస్కూలులో చాక్లెట్టుకు బదులు పెన్సిలు ఇస్తున్నాము. మొదట్లో పిల్లలు మూతి ముడుచుకున్నారు, నిజమే. మిఠాయి మానమని కాదు. బందరు లడ్డూ ఇంటికి వస్తే అన్నము తిన్న వెంటనే ఒక్కసారి పెడతాము. రోజంతా కొంచెము కొంచెముగా చప్పరిస్తే, పంటిని తినివేసే ఆమ్లము అన్నిసార్లూ పుడుతుంది. రాత్రి నిద్రలో లాలాజలము తగ్గిపోతుంది గనుక పడుకోబోయే ముందు తోమడమే ముఖ్యము. ఇక కచ్చిక, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి. ఫ్లోరైడు ఉన్న పేస్టు మూడేళ్ళలోపు వారికి బియ్యపు గింజంత, తరువాత బఠానీ గింజంత చాలును. టీవీలో చూపించినట్లు బ్రష్షు నిండా అక్కరలేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా వెనుక పళ్ళు మనమే తోమాలి. అంతవరకు వారి చేయి అక్కడ సరిగా తిరగదు.

ఎదిగిన మగపిల్లలతోనే కష్టము. చిగుళ్ళలో రక్తము వస్తోందని బ్రష్షు మానేస్తారు. నిజానికి పాచి పేరుకున్నందువల్లనే చాలాసార్లు ఆ రక్తము; మెత్తని బ్రష్షుతో మానకుండా తోమితే తగ్గుతుంది, తగ్గకపోతే చూపించుకోవాలి. గుట్కా సంగతి ఉపదేశముగా చెబితే వినరు. అందుకని ఒక ఆదివారము పెద్ద పిల్లలందరినీ కూర్చోబెట్టి, మూడు వేళ్ళు నిలువుగా నోట పెట్టుకోమన్నాము. అందరికీ పట్టాయి, ఒక్క కుర్రవానికి రెండే పట్టాయి. అందరూ నవ్వారు, అతడు నవ్వలేదు. వక్క నమలడం వల్ల బుగ్గలు లోపల బిగిసి నోరు తెరుచుకోని జబ్బు వస్తుందనీ, అది క్యాన్సరుకు దారితీయవచ్చుననీ అతనికి విడిగా చెప్పి, మేమే వెంట ఉండి డాక్టరుకు చూపించాము. అందరి ముందు ఆ పరీక్ష పెట్టకుండా ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాము.

మొన్న క్రిస్మస్ కేరల్స్ ముగించుకొని అర్ధరాత్రికి ఇల్లు చేరాము. ఇద్దరమూ అలసిపోయి, పొద్దున చూద్దాములే అని దుప్పటి కప్పుకున్నాము. మా చిన్నవాడు మూడు బ్రష్షులు పట్టుకొని వచ్చి, మంచము దగ్గర నిలబడ్డాడు.