పిడికెడు బియ్యం

మీ వంటింట్లో బియ్యం డబ్బా పక్కన చిన్న ముంత ఏదైనా వుందా? లేకపోయినా ఫరవాలేదు. మా అత్తగారింట్లో మాత్రం వుండేది. దాని మీదొక మూత, మూత మీద సున్నంతో పెట్టిన సిలువ గుర్తు. కొత్త కోడలిగా నేను వంటింట్లో అడుగు పెట్టినప్పుడు ఆవిడ చేసిన తొలి ఉపదేశం ఉప్పు కారాల గురించి కాదు, ఆ ముంత గురించి.

"ఎసట్లో పొయ్యకముందే, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఇందులో వెయ్యి. పూటపూటకీ. సరేనా అమ్మాయ్?"

నెలకో ఆదివారం ఆ ముంత గుడికి వెళ్ళేది. మా పల్లెల్లో చర్చిని గుడి అనే అంటాం లెండి. ఇంటింటి నుంచీ వచ్చిన బియ్యమంతా ఒకటే గోనెసంచిలో కుమ్మరించేవారు. సన్నవి, ముతకవి, దంపుడువి, చౌకడిపో బియ్యం, అన్నిటికీ ఒకటే సంచి. తర్వాత అమ్మేసి ఆ డబ్బు పాస్టరుగారి జీతానికీ, దీపం ఖర్చుకీ, లేనివాళ్ళకీ వాడేవారు. ఈ కలగాపులగం బియ్యం కొనే మహానుభావులెవరా అని నాకు మహా అనుమానంగా వుండేది. చివరికి తేలిందేమంటే, కొనేదీ మేమేనట! అదీ బజారు ధర కంటే ఓ రూపాయి ఎక్కువిచ్చి.

మాది డోర్నకల్ దగ్గర పల్లె. డోర్నకల్ అనగానే చాలామందికి కొత్తగూడెం బండి మారే రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. మాకు మాత్రం అజరయ్యగారు గుర్తొస్తారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడాయన. 1912లో డోర్నకల్ బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. తెలుగు నేర్చుకుని ఎడ్లబండి మీద ఊరూరా తిరిగారు. ఆ ఊళ్ళలో సంఘస్థులు చాలామంది మాలలూ మాదిగలూ, కూలికి పోతే గానీ పొయ్యి వెలగనివాళ్ళు. అటువంటివాళ్ళని ఆయన 'పాపం పేదలు' అని వదిలెయ్యలేదు. మీరూ ఇవ్వగలవాళ్ళే అన్నారు. డబ్బు లేని ఇంట్లో కూడా పిడికిలి వుంటుంది కదా! ఆయన కట్టించిన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ జరిగింది. దేవాలయపు స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ, పైన సిలువా కలిసి వుంటాయి, వీలైతే చూసి రండి. 1945లో ఆయన పోయారు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ వాళ్ళంతా కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. అదే సి.ఎస్.ఐ. దేశం రెండు ముక్కలైన నెలన్నరకి ఇన్ని సంఘాలు ఒకటయ్యాయన్నమాట!

ఇప్పుడు ఖమ్మంలో కాపురమున్నాం. పక్కింటావిడ ఓ మధ్యాహ్నం చిక్కుళ్ళు ఒలుస్తూ అడిగింది.

"ఏమండీ, మీ చర్చిలో అసలు ఏం నమ్ముతారు? మాలాగే మొక్కులుంటాయా?"

ఆదివారం అందరం లేచి నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణం సంగతి చెప్పాను. దేవుడొక్కడే, తండ్రిగా కుమారుడుగా పరిశుద్ధాత్మగా వున్నాడనీ, కుమారుడైన యేసు మనకోసం సిలువ మీద చనిపోయి మూడోనాడు లేచాడనీ, పాపానికి క్షమాపణ వుందనీ, చావుతో అంతా అయిపోదనీ. సంస్కారాలు రెండే, బాప్తిస్మం, ప్రభువు భోజనం. పసిబిడ్డకైతే తల్లిదండ్రులు మాట ఇస్తారు. పెద్దయ్యాక ఆ బిడ్డే తన నోటితో ఆ మాట నిలబెట్టుకోవాలి.

"మరి పుణ్యమో?"

"అది సంపాదించేది కాదండీ. దేవుడు ముందే ఇచ్చేశాడు. మనం చేసేదంతా ఆ తర్వాత చెప్పుకునే కృతజ్ఞతే. దాన్నే కృప అంటాం."

"అంటే బేరం లేదన్నమాట!" అని నవ్విందావిడ.

నిజమే చూడండి. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడందే నిద్రపట్టని మనకి, బేరం లేని దేవుడంటే మింగుడు పడటం కష్టమే.

మా కోత పండుగ చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కొత్త పంట రాగానే తొలి ఫలం గుడికి తేవాలి. వడ్లున్నవాళ్ళు వడ్లు, లేనివాళ్ళు కోడిపుంజో, గుమ్మడికాయో, అరడజను గుడ్లో. ఆరాధన అయ్యాక వేలం. ఒక ఏడు మా అత్తయ్య తన పాదుకి కాసిన మొదటి సొరకాయ తెచ్చి, వేలంలో తనే పాడి పాడి దక్కించుకుంది. "ఇంట్లోనే వుంచుకుని ఆ డబ్బు కానుక పెట్టెలో వేస్తే పోయేదిగా, మోత తప్పేది" అని విసుక్కున్నాడు మామయ్య. ఆవిడ సొరకాయ చంకన పెట్టుకుని, "అప్పుడు అది మన సొరకాయ. ఇప్పుడు దేవుడిచ్చిన సొరకాయ" అంది. ఇక మాట్లాడేదేముంది!

ప్రభువు భోజనం దగ్గర మాత్రం నవ్వులాట వుండదు. రొట్టె విరిచి పంచుతారు, ద్రాక్షరసం ఒకే గిన్నెలోంచి అందరికీ. మా తాతల కాలంలో ఈ వాడవాళ్ళు ఆ వాడ బావిలో నీళ్ళు చేదుకునేవారు కాదు. అలాంటివాళ్ళు పక్కపక్కన మోకరించి, ఒకరు పెదవి ఆనించిన గిన్నెకే ఇంకొకరు పెదవి ఆనించారంటే చిన్న సంగతి కాదు. అలాగని కులాన్ని చెప్పులతోపాటు గుడి బయటే వదిలేశామని బుకాయించను. పెళ్ళి సంబంధాల మాట వచ్చేసరికి మళ్ళీ తొడుక్కుంటాం. 2020లో కరోనా వచ్చాక మా సంఘంలో ఎవరి చిన్న గ్లాసు వాళ్ళకి వచ్చింది. ఆరోగ్యానికి మంచిదే. కానీ ఆ పాత గిన్నె చెప్పినంత గట్టిగా ఈ గ్లాసులు చెప్పవేమో అనిపిస్తుంది.

మామయ్య మంచాన పడిన ఏడు చాలా కష్టపడ్డాం. మందులకి ఎకరం అమ్మాం. బియ్యం అరువు తెచ్చుకునే రోజులు. "ఈ నాలుగు నెలలూ ముంత సంగతి ఆపుదామా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "మిగిలితే ఇచ్చేదయితే ఆపొచ్చు. ఇది ముందు తీసేది కదమ్మాయ్" అంది, అంతే. తర్వాత నెలకి మామయ్య పోయారు. ఆ ఆదివారం సంచిలో చేరిన బియ్యాన్ని సంఘం అమ్మలేదు. స్త్రీల మైత్రి వాళ్ళు మోసుకొచ్చి మా వంటింట్లో దించి వెళ్ళారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన అత్తయ్య లేచి, ఆ బియ్యం కొలిచి, అందులోంచి కూడా ఒక పిడికెడు తీసి ముంతలో వేసింది. కృప అన్న మాటకి అర్థం నాకు ఆ పూట తెలిసింది.

ఒక్క ముక్క కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ సంచి నింపింది ఆడవాళ్ళు, లెక్క రాసింది మగవాళ్ళు. 2013లో నంద్యాలలో పుష్పలలితగారు సి.ఎస్.ఐ.కి మొదటి మహిళా బిషప్పయ్యారని విన్నప్పుడు, మా స్త్రీల మైత్రిలో ముసలమ్మల మొహాలు మీరు చూడాల్సింది!

అన్నట్టు, మా ఆరాధనలో నాకు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం 'సమాధానం' అందించుకోవడం. 1950 నాటి మా ఆరాధన క్రమంలోనే వుందది, కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్నది. ముందున్నవారు తమ కుడి అరచెయ్యి మన కుడి అరచేతికి ఆనించి, ఎడమచెయ్యి పైన మూస్తారు. మనం అలాగే పక్కవారికి అందించాలి. వరస వరసా అలా గుడి చివరిదాకా వెళుతుంది. మన పక్కన ఎవరు కూర్చుంటారన్నది మన చేతిలో లేదు కదండీ! క్రిస్మస్ విందులో కూర చాలలేదని నన్ను నలుగురిలో అన్నావిడే సరిగ్గా నా పక్కన కూర్చుంటుంది. అయినా నా చేతిలోకి వచ్చింది నాది కాదు, వెనక్కి తిప్పి పంపడానికీ వీల్లేదు. చెయ్యి చాపుతాను. ఆవిడ చెయ్యి మొదట కాస్త బిగుసుకుపోయే వుంటుంది. పోనీండి, నాదీ అంతే. కానీ ఆవిడ అవతలివారి వైపు తిరిగేసరికి, ఇద్దరివీ కొంచెం వెచ్చబడే వుంటాయి.