రెండు తాళాల పెట్టె

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలో తోచక వారం రోజులు ఊరుకున్నాను. కష్టపడి చదివితే పైకొస్తారని రాయడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. మళ్ళీ ఫోన్ చేసిన తమ్ముడు మాటల మధ్యలో, “అన్నా, ఇంటర్ అయిపోయింది. డిగ్రీకి పట్నం పోవాలె. ఈ పెట్టె, బొంత, పుస్తకాలు అన్నీ ఎట్ల తీసుకపోవాల్నో తెలుస్తలేదు” అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకే పెట్టె గురించే రాస్తున్నాను.

నేను 1987లో ఆరో తరగతిలో చేరడానికి దేవరకొండ వచ్చినప్పుడు నాకు పెట్టె లేదు. యూరియా సంచిని కడిగి ఆరబెట్టి, అందులో రెండు జతల బట్టలు, పలక, ఒక సీసాలో మామిడికాయ తొక్కు పెట్టి అవ్వ మూతి కుట్టింది. నాయిన ఆ సంచిని సైకిల్ క్యారియర్ మీద పెట్టి, పాత ట్యూబుతో బిగించి కట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. దారిలో రెండుసార్లు ఆగి ట్యూబు బిగించాడు. రబ్బరు ట్యూబంత మంచి తాడు లేదని ఆయన నమ్మకం. తాడు ఎండకు వదులవుతుంది, ట్యూబు ఇంకా పట్టుకుంటుంది అనేవాడు. నా జీవితంలో నాలుగుసార్లు ఇల్లు మారాను. ఇప్పటికీ సామాను కట్టేటప్పుడు సైకిల్ షాపుకు పోయి పాత ట్యూబులు అడుగుతాను. షాపువాడు వింతగా చూస్తాడు.

హాస్టల్లో రేకు పెట్టె, కంచం, గ్లాసు, జంపుఖానా, దుప్పటి ఇచ్చారు. పెట్టె మూత మీద తెల్ల రంగుతో నంబరు వేశారు. నాది 37. మా కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ పెట్టె ఒక్కటే మనకు సొంత ఇల్లు. చదువుకునేటప్పుడు బల్ల, తినేటప్పుడు పీట, ఇంటిమీద బెంగ పుట్టినప్పుడు తల ఆనించి ఏడ్చుకునే చోటు. పదో తరగతి అయిపోయిన 1992లో సొట్టలు పడి లెక్కలోంచి తీసేసిన పెట్టెలు కొన్ని ఉంటే, వార్డెన్ సారు నా నంబరు పెట్టెను నాకే ఇచ్చారు. ఆ సారు ఇప్పుడు లేరు. ఆ పెట్టె ఉంది.

ఇంటర్ అక్కడే చదివి, డిగ్రీకి నల్లగొండ నాగార్జున కాలేజీకి పోయాను. అప్పుడే బస్సు టాపు సంగతులు నేర్చుకున్నాను. పెట్టె పైకి ఎక్కించాలంటే ఇద్దరు కావాలి, ఒకరు నిచ్చెన మీద, ఒకరు కింద. ఒంటరిగా పోయేవాడు బస్టాండులో ముందు మనిషిని సంపాదించుకోవాలి. పెట్టెను టాపు మీద ముందు వైపు పెట్టకూడదు, గతుకులకు జారి పక్కకు వస్తుంది. మధ్యలో అడ్డంగా పెట్టి కడ్డీకి కట్టాలి. వానాకాలమైతే మూత సందులోంచి నీళ్ళు దిగుతాయి కాబట్టి పుస్తకాలను యూరియా సంచిలో చుట్టి పెట్టెలో పెట్టాలి. ఇవన్నీ ఒకసారి తడిసినాకే తెలిశాయి.

అసలు చెప్పదలచుకున్నది 1997 సంగతి. ఉస్మానియా పీజీ ఎంట్రన్సులో నాకు ర్యాంకు వచ్చింది. అడ్మిషన్‌కు ఉదయం పది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలని కార్డు వచ్చింది. మన హాస్టల్లో నాతోపాటు చదివిన చింతపల్లి వైపు మిత్రుడు ఒకడికి వేరే సబ్జెక్టులో వారం ముందే సీటు వచ్చింది. పేరు రాయొద్దన్నాడు, అందుకని వాడు అనే రాస్తున్నాను. మా బ్యాచి వాళ్ళకు ఎవరో తెలిసిపోతుంది.

ఇద్దరం సామాను ఎట్లా చేర్చాలా అని ఆలోచించాం. మా వైపు నుంచి ఉస్మానియాకు పోయిన సీనియర్లు చూపించిన దారి ఒకటుంది, బత్తాయి లారీ. దేవరకొండ, గుర్రంపోడు, హాలియా వైపు బత్తాయి తోటలు ఎక్కువ. కాయ దిగే రోజుల్లో సాయంత్రం లోడు చేసిన లారీ మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా నడిచి తెల్లవారుజామున కొత్తపేట పండ్ల మార్కెట్టులో దిగుతుంది. కాయ నలగకుండా పెట్టెలను కేబిన్ మీద పెట్టి కట్టేవారు. డ్రైవరుకు టీ డబ్బులు ఇస్తే చాలు. మార్కెట్టు దగ్గర మూడు చక్రాల రిక్షా మాట్లాడుకుని దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ వంతెన, అంబర్‌పేట దాటి క్యాంపస్‌కు చేరడమే. వంతెన ఎక్కేచోట రిక్షా వెనక నుంచి తోయాలి. బేరంలోనే అది కలిసి ఉండేది. (ఆ మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయింది. ఇప్పుడు ఆ దారిలో పోతుంటే నాకు బత్తాయి వాసన రాదు, ఏదో తప్పిపోయినట్టు ఉంటుంది.)

లారీలో ఒక్కరికే చోటుందన్నారు. వాడు రెండు పెట్టెలతో లారీ ఎక్కాడు. నేను పగలు బస్సులో పోయి సీనియర్ రూంలో పడుకుని, తెల్లవారేసరికి కొత్తపేటలో ఉండాలని అనుకున్నాం. ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. పట్నం బస్టాండులో జేబులు కొడతారని నాయిన భయపడ్డాడు. నేను కూడా భయపడ్డాను. టెన్త్ మెమో నుంచి టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, డిగ్రీ ప్రొవిజనల్ దాకా అన్నీ 37 నంబరు పెట్టెలో పెట్టి తాళం వేశాను. వాడు మాత్రం తన కాగితాలు పాలిథిన్ కవరులో చుట్టి చొక్కా లోపల నడుముకు కట్టుకున్నాడు. చూసి నవ్వాను కూడా.

నాలుగున్నరకే మార్కెట్టుకు పోయాను. లారీలు వస్తున్నాయి, దిగుతున్నాయి. మాది రాలేదు. ఐదున్నర అయింది, ఆరున్నర అయింది. మా చేతుల్లో ఫోన్లు లేని రోజులవి. ఎవరిని అడిగినా ‘వస్తది తియ్’ అన్నారు. ఏడు దాటినాక మెయిన్ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. సాగర్ రోడ్డు నుంచి వచ్చే ప్రతి లారీ కేబిన్ మీదికి చూడటమే పని. పదేళ్ళ చదువు ఆ పెట్టెలో ఉంది, ఆ పెట్టె ఎక్కడుందో తెలియదు. కడుపులో తిప్పింది. రోడ్డు పక్కన కూర్చున్నాను.

ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక బస్సు ఆగింది. టాపు మీది నుంచి ముందు నా పెట్టె కిందికి దిగింది, తర్వాత వాడు దిగాడు. బట్టల నిండా గ్రీసు. మాల్ దాటిన తర్వాత లారీ కమాన్ పట్టీలు విరిగాయట. రాత్రంతా రోడ్డు మీదే. తెల్లవారుతుంటే ఇంకో లారీ వచ్చి కాయ మార్చుకుంది. దాని డ్రైవరు పెట్టెలు ఎక్కించుకోనన్నాడు. చీకట్లో నడుచుకుంటూ రెండు పెట్టెలను ఒకటి తర్వాత ఒకటి ముందున్న టీ హోటల్ దాకా మోసుకొచ్చాడట. మొదటి బస్సు నిండిపోయి ఉంది. టాపు మీద పాల క్యాన్లు, కూరగాయల గంపలు. ఒక్క పెట్టెకే జాగా ఉంది, ఎక్కితే ఎక్కు అన్నారట.

“నడువ్, టైమైతాంది” అన్నాడు. చేతిలో ఉన్న పైసలన్నీ ఆటోకు పోశాం. ఆర్ట్స్ కాలేజీ మెట్లకు కొంచెం దూరంలో చెట్టు కింద పెట్టె తెరిచి, సర్టిఫికెట్లు తీసుకుని, దాన్ని వాడి దగ్గర వదిలి పరిగెత్తాను. సీటు వచ్చింది. ఫీజు కట్టే లైనులో నిలబడ్డాను. సంతకాలు చేశాను. బయటికి వచ్చి ఇద్దరం క్యాంటీన్‌లో టీ తాగాం. నా సంతోషంలో నేనున్నాను. సీనియర్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

సాయంత్రం రూంలో బట్టలు మార్చుకుందామని వాడు నన్ను లుంగీ అడిగినప్పుడు కానీ వాడి పెట్టె సంగతి నాకు గుర్తు రాలేదు.

మరునాడు పొద్దున్నే ఇద్దరం ఆ హోటల్‌కు పోయాం. లారీ మనుషులమని చెప్పి ఎవరో తీసుకపోయారన్నాడు హోటలాయన. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోను. చుట్టుపక్కల రెండు ఊళ్ళలో అడిగాం. దొరకలేదు. ఆ పెట్టె హాస్టల్‌ది కాదు. వాడు డిగ్రీలో ఉన్నప్పుడు వాళ్ళమ్మ నాట్ల కూలి డబ్బులు కూడబెట్టి కొనిచ్చింది. అందులో రెండు జతల బట్టలు, పది కిలోల బియ్యం, పాత చీరలతో ఆమె కుట్టిన బొంత, సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పుస్తకాలు ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను నోరు విప్పలేకపోయాను. వాడే అన్నాడు: “నా పెట్టె తెస్తే నీ సీటు పోతుండె. నీ పెట్టె తెస్తే నా బొంత పోయింది. బొంత మల్ల కుట్టిచ్చుకోవచ్చు గద.” అంతే. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

నా పెట్టె తీసుకోమంటే తీసుకోలేదు. చివరికి సగం సగం చేసుకున్నాం. రూంలో బోర్డర్లు ఇద్దరైతే మాలాంటి నాన్ బోర్డర్లు నలుగురు. సబ్బులు, నూనె సీసాలు రెక్కలొచ్చి ఎగిరిపోయేవి. పెట్టెకు రెండు కొండీలున్నాయి కదా అని ఒకదానికి నా తాళం, ఇంకోదానికి వాడి తాళం వేశాం. ఒకరు లేనిది ఒకరం తెరవలేం. వాడు లైబ్రరీలో ఉంటే నేను తడి బట్టలతో కూర్చునేవాణ్ణి. పదిహేను రోజులు ఇట్లా నవ్వులపాలైన తర్వాత బుద్ధొచ్చి, ప్రతి తాళానికి ఉండే రెండో చెవి మార్చుకున్నాం. బొంత నా ఒక్కడిదే మిగిలింది. చలికాలం ఇద్దరికీ అదే.

ఇప్పుడు తమ్ముడు అడిగినదానికి వస్తాను. ఈ రోజుల్లో చాలా బస్సులకు పైన క్యారియరే లేదు, కాబట్టి పెద్ద పెట్టె ఆలోచన మానుకో. ఆర్టీసీ 2020లో కార్గో, పార్సిల్ సేవలు మొదలుపెట్టింది. బొంత, బకెట్టు, గిన్నెల్లాంటివి అందులో వేసి, దిగే బస్టాండులో తీసుకోవచ్చు. పుస్తకాలకు తపాలా శాఖ 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ అని తెచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. నిదానంగా చేరుతుంది కాబట్టి ముందే పంపుకోవాలి. దూరపు యూనివర్సిటీలో సీటొచ్చి రైలెక్కే వాళ్ళకు స్లీపర్‌లో 40 కిలోలు, జనరల్ బోగీలో 35 కిలోల దాకా ఉచితం. అంతకన్నా ఎక్కువుంటే ముందే లగేజీ బుక్ చేసుకోవాలి, దారిలో దొరికితే జరిమానా. చెల్లెళ్ళకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి బస్సు టికెట్టు లేదు. సంతోషం. కానీ కిక్కిరిసిన బస్సులోకి బ్యాగు అందించే చెయ్యి ఇంకా కావాలి. కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరండి. ఒక బకెట్టు, ఒక చాప, ఒక ఇస్త్రీపెట్టె ముగ్గురికి సరిపోతాయి. అన్నీ మొదటిరోజే మోయనక్కరలేదు, దసరాకు ఇంటికి పోయినప్పుడు మిగతావి తెచ్చుకోవచ్చు.

సర్టిఫికెట్లు మాత్రం ఒంటిమీదే. జిరాక్సులు వేరే సంచిలో. ఫోన్లో ఫొటోలు ఉన్నాయి కదా అనుకోవద్దు, అడ్మిషన్ రోజు ఒరిజినల్ అడిగితే ఫోన్ చూపించలేం.

వాడు ఇప్పుడు టీచరు. పోయిన దసరాకు వాళ్ళింటికి పోయాను. మంచం కింద 37 నంబరు పెట్టె ఉంది. పీజీ అయిపోయాక వాడే తీసుకున్నాడు. వాళ్ళమ్మ దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. అందులో ఏముందని అడిగాను. “నాకేం ఎర్క? నీ తాళమే ఉంది దానికి. నాకిచ్చిన చెవి ఎన్నడో పోయింది. పగలగొడదామంటే మనసొప్పలె. నీ దగ్గరుంటే ఈసారి తీస్కరా” అన్నాడు.

ఇంటికొచ్చి వెతికాను. బీరువాలో పాత చిల్లర డబ్బాలో దొరికింది, తుప్పు పట్టి. కిరసనాయిల్ దొరకక కొబ్బరినూనెలో నానబెట్టాను.

– పూర్వ విద్యార్థి, 1992 పదో తరగతి బ్యాచి