అమ్మ తలగడ కింద ఫోను

పోయిన ఆదివారం అమ్మని చూద్దామని వెళ్ళాను. రెండిళ్ళూ పాలకొల్లులోనే. క్షీరారామం గోపురానికి అటు ఆవిడ, ఇటు మేము. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఫోను తిరగేసి చూసుకుంటోంది.

"ఏమేవ్, ఇది బూరెలా పొంగిందేంటే?" అంది.

నిజమే. వెనక మూత ఒక పక్క లేచిపోయి ఉంది. లోపల బ్యాటరీ ఉబ్బి దాన్ని తోసేసింది.

"రాత్రి ఎక్కడ పెట్టావమ్మా?"

"ఎక్కడ పెడతాను, తలగడ కిందే. చార్జింగు పెట్టుకునే పడుకున్నాను" అంది, అదేదో బుద్ధిగా చేసే పనన్నట్టు.

నా గుండె ఝల్లుమంది. 2022 ఏప్రిల్‌లో వారం తిరక్కుండా అటు నిజామాబాదులో, ఇటు విజయవాడలో ఇంట్లో చార్జింగుకి పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. దాని ముందు ఫోను బ్యాటరీ చిన్నదే గానీ, రెండిటి జాతీ ఒకటే, లిథియం. ఆ కంగారులో అమ్మ మీద గట్టిగా కేకలేశాను. ఎన్నిసార్లు చెప్పాలి, చిన్నపిల్లవా అని.

అమ్మ ఏమీ అనలేదు. కాసేపాగి, "మీ నాన్నగారు పోయిన రాత్రి నా ఫోను ఆగిపోయింది కదే" అంది.

ఆ రాత్రి భీమవరం ఆసుపత్రి నుంచి ఫోను చేసింది నేనే. స్విచాఫ్ అని వస్తూనే ఉంది. చివరికి పక్కింటివాళ్ళు తలుపు కొట్టి చెప్పారు. ఆరేళ్ళలో ఆ విషయం మేమిద్దరం ఒక్కసారీ ఎత్తలేదు. అప్పట్నించీ అమ్మ ఫోను వందకి ఒక్క అంకె తగ్గనివ్వడం లేదని నాకు ఆ ఆదివారం తెలిసింది.

అయినా నిండుగా ఉంచుకోవడం మన రక్తంలోనే ఉంది కదండీ. బిందె నిండుగా ఉండాలి, బియ్యం డబ్బా నిండుగా ఉండాలి. 1996 నవంబరు తుపానప్పుడు కరెంటు లేక రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్ళం. మబ్బు పట్టగానే ఇంట్లో ఉన్నవన్నీ ప్లగ్గులకి తగిలించడం అలవాటైపోయింది.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని, నాకు వోల్టుల సంగతేం తెలుసు? ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను. వాడు చెప్పింది నా భాషలో చెబుతాను.

బ్యాటరీలో రెండు గదులున్నాయనుకోండి. చార్జింగు పెడితే లిథియం ఒక గదిలోంచి రెండో గదిలోకి పోతుంది. ఫోను వాడుతుంటే వెనక్కి వస్తుంది. నూటికి నూరూ నింపితే సెల్లులో వోల్టేజి పై హద్దు దాకా లేస్తుంది. పీకల దాకా భోంచేసి కదలకుండా కూర్చున్నట్టన్నమాట, లోపల ఇబ్బందే. వంద కాగానే కరెంటు ఆగుతుంది గానీ, కాస్త తగ్గగానే మళ్ళీ ఎక్కుతుంది. రాత్రంతా అదే నిండుదనం. దానికి తలగడ కింద గాలాడని వేడి తోడైతే, లోపలి ద్రవం మెల్లగా చెడి గ్యాసు పుడుతుంది. అదే అమ్మ చూసిన బూరె.

కాబట్టి రోజువారీ వాడకానికి ఇరవైకీ ఎనభైకీ మధ్య ఉంచితే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. పూర్తిగా ఆగిపోయేదాకా వాడాకే చార్జింగు పెట్టాలని వెనకటి ఫోన్లప్పుడు విన్నాం చూడండి, అది పాత నికెల్ బ్యాటరీల మాట. వీటికి అలా సున్నా చేయడమూ మంచిది కాదు. ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో ఎనభై దగ్గర ఆపే సెట్టింగు కూడా ఉంది. తుపాను కబురొస్తేనో, ప్రయాణముంటేనో వంద పెట్టుకోండి, ఏమీ కాదు. రోజూ వద్దు, అంతే.

స్కూటరుకైతే ఎండలో తిరిగి రాగానే ప్లగ్గు పెట్టకుండా చల్లారనివ్వాలి. కొన్ని రకాలకి అప్పుడప్పుడు నిండా పెట్టమని కంపెనీవాళ్ళే చెబుతారు. అందుకని బండితో ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి. ఇన్వర్టరు కింద ఉండే యాసిడ్ బ్యాటరీ మాత్రం వీటికి పూర్తిగా ఎదురు. దాన్ని నిండుగానే ఉంచాలి, డిస్టిల్డ్ వాటరు చూస్తూ ఉండాలి. ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా ఒకరికి నచ్చింది ఇంకొకరికి పడదు.

ఈ లిథియం బ్యాటరీకి దారి వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారట. అందులో గుడెనఫ్ అనే ఆయనకి అప్పటికి 97 ఏళ్ళు. అది విని అమ్మ, "అయితే నేను చిన్నదాన్నేనే" అని ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఉబ్బిన ఫోనుని ఆఫ్ చేసి, పెరట్లో ఇసక పోసిన మూకుడులో పెట్టి, మర్నాడు మా వారు రిపేరు షాపులో ఇచ్చొచ్చారు. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, మళ్ళీ చార్జింగు పెట్టకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు.

ఇప్పుడు అమ్మ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు చెక్క స్టూలు మీద ఫోనుకి చార్జింగు పెడుతుంది. అన్నం తిని పడుకునే ముందు తీసేస్తుంది. రాత్రంతా ఊరికే ఉంటే నాలుగైదు అంకెలకన్నా తగ్గదని మూడు రాత్రులు రాసి చూపిస్తేగానీ నమ్మలేదు. అయినా ఆవిడ తృప్తి కోసం ఒక బటన్ల ఫోను కొనిచ్చాను. ఆ నంబరు, పక్కింటివాళ్ళ నంబరు మా అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. లెక్క చెప్పినంత మాత్రాన భయం పోదు కదా, దానికి ఇంకో ఆసరా చూపించాలి.

రోజూ రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను చేస్తుంది. "ఎనభై రెండే. తీసేశాను. పడుకుంటున్నా" అంటుంది. నేనూ అప్పుడే పడుకుంటాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ తలగడ కూడా ఒకసారి ఎత్తి చూడండి. ఫోను కనిపిస్తే మాత్రం నాలా కేకలెయ్యకండి. ఎందుకు పెట్టుకున్నారో ముందు అడగండి.